సంతకం పెట్టే కుర్చీకి ఎన్నిక ఎందుకు?

చివరి బెంచి:
నిన్న రాత్రి మా బావతో వాదన ఎంతకీ తెగలేదు. ప్రధాని పాలించే దేశంలో దేశాధినేతకు ఉండేది సంతకం పనే కదా, దానికి ఎన్నికెందుకు, రాజవంశం ఉంటే సరిపోదా అంటాడు. స్వీడన్, నార్వే, డెన్మార్క్‌లలో ప్రజాస్వామ్యానికి ఏం తక్కువైందని అడిగాడు. పుట్టుకతో పదవి అంటే నాకు ఒళ్లు మండుతుంది, కానీ నోరు పెగల్లేదు. మీరైతే ఏమంటారు?

పాత పేపర్:
ముందు మీ బావగారికి పనికొచ్చేదే చెప్తాను, ఏమనుకోకండి. ఆస్ట్రియాలో అధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకుంటారు. 2016లో రెండో రౌండ్ ఫలితాన్ని రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. మళ్లీ పోలింగ్ అక్టోబరులో అనుకుంటే, పోస్టల్ ఓటు కవర్ల బంక సరిగ్గా అంటుకోలేదు! డిసెంబరు 4కి వాయిదా వేశారు. పాత అధ్యక్షుడి గడువు జులైలోనే అయిపోయింది. ఆర్నెల్లకు పైగా ఆ పని దిగువ సభ అధ్యక్షులు ముగ్గురూ కలిసి చూసుకున్నారు. వంశమైతే రాజు పోయిన క్షణానే వారసుడు రాజు.

గళ్ల చొక్కా:
ఆ ఆర్నెల్లూ దేశం నడిచింది కదా, అది కూడా చెప్పండి మరి.

నా పేచీ అల్లా 'సంతకమే కదా' అన్న మాటతోనే. 1990లో బెల్జియం పార్లమెంటు అబార్షన్ బిల్లు పాస్ చేసింది. రాజు బోదువాఁ తన మనస్సాక్షి ఒప్పుకోదని సంతకం పెట్టనన్నాడు. ఏం చేశారనుకున్నారు? రాజు పాలించలేని స్థితిలో ఉన్నాడని మంత్రివర్గం ప్రకటించింది, చట్టం మీద మంత్రులే సంతకాలు పెట్టారు, రెండు రోజులు తిరక్కుండా పార్లమెంటు ఆయన్ను మళ్లీ కూర్చోబెట్టింది. మనస్సాక్షికి సిక్ లీవ్ ఇచ్చినట్టు! ఎన్నికైన అధ్యక్షుడూ మొండికేయొచ్చు, కాదనను. కానీ జర్మనీలో ఐదేళ్లకు, ఐర్లాండ్‌లో ఏడేళ్లకు గడువు తీరుతుంది.

ఇక పుట్టుక సంగతి. స్వీడన్ రాజుకు 1979 మేలో కొడుకు పుట్టాడు, కార్ల్ ఫిలిప్. అప్పటి చట్టం ప్రకారం మగబిడ్డే వారసుడు. 1980 జనవరి 1 నుంచి కొత్త చట్టం వచ్చి, అక్క విక్టోరియా వారసురాలైంది. పాపం, ఉయ్యాల్లో ఉండగానే పిల్లాడి పదవి పోయింది. ఉన్న వారసుణ్ణి తప్పించడం తండ్రికి నచ్చలేదు, అయినా ఆగలేదు. అంటే సింహాసనం ఎవరిదో తేల్చేది పార్లమెంటే. అక్కడిదాకా వచ్చాక మనిషినే ఎంచుకుంటే పోయిందేముంది?

నడి వీధి:
ఎలా ఎంచుకోవాలన్న దగ్గరే చిక్కు. బ్రిటన్ రాణి బదులు అధ్యక్షుడు ఉండాలా అని 1999లో ఆస్ట్రేలియాలో పెట్టిన రిఫరెండంలో సుమారు 55 శాతం వద్దన్నారు. అధ్యక్షుణ్ణి పార్లమెంటు మూడింట రెండొంతుల మెజారిటీతో నియమించాలన్నది ప్రతిపాదన. మేమే నేరుగా ఎన్నుకోవాలనే రిపబ్లిక్‌వాదులు కొందరు కూడా దాన్ని ఓడించారు. రాణి అలాగే ఉండిపోయింది.

చివరి బెంచి:
గళ్ల చొక్కా గారూ, ఉయ్యాల సంగతి నాకు తెలియదు, థాంక్స్. లింక్ బావకు పంపాను. బంక దాకా చదివి నవ్వే స్టిక్కర్లు పంపుతున్నాడు. కిందికి రమ్మంటే రావట్లేదు.