నుదురు తెల్లగా ఉన్న గూస్: గ్రేటరా, లెసరా?

రెల్లుదుబ్బు:
గ్రేలాగ్ గూస్‌ల గుంపులో ఒకటి చిన్నగా, కాస్త ముదురుగా కనిపిస్తోంది. ముక్కు మొదట్లో తెలుపు, పొట్ట మీద నల్ల చారలు. ఫొటోలు దూరం నుంచి తీసినవి, కంటి చుట్టూ పసుపు ఉందో లేదో తేలడం లేదు. గ్రేటర్ వైట్-ఫ్రంటెడా, లెసరా? ఈబర్డ్‌లో (చూసిన పక్షుల్ని నమోదు చేసే సైట్) ఎక్కించే ముందు ఇంకేం చూసుకోవాలి?

కొంగజపం:
ముందు కాళ్లు చూడండి. గ్రేలాగ్‌వి గులాబీ, వైట్-ఫ్రంటెడ్ రెండింటివీ నారింజ. గ్రేలాగ్‌కీ ఒక్కోసారి ముక్కు మొదట్లో సన్నటి తెల్ల అంచు, పొట్ట మీద నల్ల మచ్చలు ఉంటాయి, తికమకంతా అక్కడే. ఎగిరినప్పుడు రెక్క ముందు భాగం లేత బూడిద రంగులో కొట్టొచ్చినట్టు కనిపిస్తే అది గ్రేలాగే.

కాళ్లు నారింజే అయితే అప్పుడు పసుపు వలయం సంగతి. అదొక్కటే చూసి లెసర్ అనేయకండి, కొన్ని గ్రేటర్‌లకూ సన్నగా ఉంటుంది. లెసర్‌ది బాగా స్పష్టంగా, కాస్త ఉబ్బినట్టు ఉంటుంది. ముక్కు పొట్టి, నుదురు నిటారు. తెలుపు నుదుటి మీదుగా నెత్తి దాకా పాకుతుంది. నిలబడ్డప్పుడు రెక్క చివర్లు తోకను దాటి ఉంటాయి. పొట్ట చారలు గ్రేటర్ కన్నా తక్కువ. సైజు లెసర్ 53–66 సెం.మీ., గ్రేటర్ సుమారు 65–80. పక్కన గ్రేలాగ్ ఉంటే గ్రేటర్ కూడా బుల్లిదిగానే కనిపిస్తుంది కాబట్టి సైజుని చివర్న లెక్కేయండి.

పిల్లవయసు పక్షైతే నుదుటి తెలుపూ ఉండదు, చారలూ ఉండవు. మీరు చెప్పినదానికి రెండూ ఉన్నాయి కాబట్టి ఆ బెడద లేదు.

రెక్కలెక్క:
అడవిదేనా, ఎవరి పెంపకంలోంచో తప్పించుకున్నదా అన్నది వేరే ప్రశ్న. గూస్‌లను అలంకారానికి పెంచుతారు. అతుకు లేని కాలి రింగు, కత్తిరించిన రెక్క ఈకలు, మనిషి దగ్గరికొచ్చినా బెదరకపోవడం, వలస కాలం దాటినా కదలకపోవడం అనుమానించదగ్గవి. రెక్కలు చాచిన ఫొటో ఒక్కటైనా ఉండాలి.

మెడకు కాలర్ గానీ కాలికి రంగు రింగు గానీ ఉంటే దాని రంగు, అక్షరాల రంగు, ఏ కాలు, అక్షరాలు ఏ వరుసలో ఉన్నాయి అన్నీ రాసుకోండి. సగమే చదవగలిగితే సగమే రాయండి. ఊహించి పూరిస్తే అది ఇంకో పక్షి రికార్డవుతుంది!

రెల్లుదుబ్బు:
థాంక్సండీ. కాళ్లు గడ్డిలో మునిగిపోయాయి. దగ్గరికి వెళ్లొచ్చా?

కొంగజపం:
వద్దు. మేస్తున్న గుంపులో మెడలు ఒక్కొక్కటే నిటారుగా లేవడం మొదలైతే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్లినట్టు. మరో నాలుగడుగులు వేస్తే గుంపంతా లేస్తుంది. తెల్లారి నీటి మీంచి మేతకు దిగే చోటికి ముందే చేరి, ఎండ వీపుకి పెట్టుకుని కూర్చోండి. మధ్యాహ్నం వేడిగాలి అలల్లో ఎంత మంచి స్కోప్ అయినా కంటి వలయం చూపించలేదు. నడిచేటప్పుడు, నీళ్లు తాగేటప్పుడు కాళ్లు బయటపడతాయి.

రెక్కలెక్క:
ఈబర్డ్ వ్యాఖ్యలో "స్పష్టంగా చూశాను" అంటే సమీక్షకుడికి ఉపయోగం లేదు. కాళ్ల రంగు, ముక్కు పొడవు, తెలుపు ఎక్కడిదాకా, ఎంత దూరం నుంచి చూశారు, గ్రేలాగ్ ఎందుకు కాదు, ఇవి రాయండి. తేలకపోతే "గూస్ ఎస్‌పీ." (అంటే గూసే, ఏ జాతో తేలలేదు) అని పెట్టి ఫొటోలు జతచేయండి, తర్వాత మార్చుకోవచ్చు. వేట భయం ఉన్న చోటైతే రాత్రి దిగే నీటి మడుగు పేరు గ్రూపుల్లో వేయకండి.