గోళ్ళు కొరుక్కునే పెళ్ళికూతురికి ఎక్స్‌టెన్షన్లు పెట్టొచ్చా?

మద్దిలపాలెం_నెయిల్స్ అడిగారు:

అందరికీ నమస్కారం. మద్దిలపాలెంలో ఒక చిన్న పార్లర్‌లో నెయిల్స్ పని చేస్తున్నాను. కోర్సు పూర్తయి 8 నెలలైంది. మామూలు గోళ్ళకు టిప్స్ (గోటి కొస మీద అతికించే ప్లాస్టిక్ గోళ్ళు) పెట్టడం, జెల్ పాలిష్ వేయడం బాగానే వచ్చింది. గోళ్ళు కొరుక్కునేవాళ్ళు వస్తేనే నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.

నిన్న గాజువాక నుంచి ఒక అమ్మాయి వాళ్ళ అమ్మతో వచ్చింది. ఇంకో 12 రోజుల్లో పెళ్ళి. చేతులు చూపించమంటే పిడికిళ్ళు బిగించేసింది. మెల్లగా తెరిచి చూస్తే పది వేళ్ళకూ గోరు సగమే ఉంది. చివర కండ ఉబ్బి గోటికంటే పైకి వచ్చేసింది. కుడి బొటనవేలి పక్కన చర్మం పీకేసుకుంది, ఎర్రగా వాచి ఉంది. "గోళ్ళు కొరికితే దరిద్రం అని చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నానమ్మా, వింటేగా" అని వాళ్ళమ్మ నా ముందే అనేసరికి ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తను అడిగింది ఒక్కటే: "జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఫొటోల్లో నా చెయ్యే కనిపిస్తుంది కదక్కా. ఆ ఒక్కరోజైనా బాగుండేలా చెయ్యండి."

నా భయానికి కారణం ఉంది. సంక్రాంతి ముందు ఒక డిగ్రీ అమ్మాయికి ఇలాంటి వేళ్ళకే టిప్స్ పెట్టాను. పెట్టినప్పుడే అవి ఆకాశంలోకి చూస్తున్నట్టు పైకి లేచి ఉన్నాయి. మూడో రోజుకి నాలుగు ఊడాయి, మిగతావి తనే పళ్ళతో పీకేసుకుంది. వాటితోపాటు సొంత గోటి పొరలు కూడా లేచి వచ్చాయి. డబ్బు తిరిగి ఇచ్చేశాను గానీ ఆ వేళ్ళు చూసి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఈ అమ్మాయికి చెయ్యనా, వద్దని చెప్పనా? చేస్తే టిప్స్ పెట్టాలా, ఫామ్ (గోటి కొస కింద పెట్టే కాగితపు అచ్చు) మీద జెల్‌తోనో అక్రిలిక్‌తోనో కట్టాలా? అసలు గోటికి కొసే లేనప్పుడు ఫామ్ ఎక్కడ దూర్చాలి? రేపు సాయంత్రం ఫోన్ చేస్తానని చెప్పాను. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

ద్వారకానగర్_అక్క జవాబు:

చెల్లీ, 14 ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. వచ్చేవాళ్ళలో గోళ్ళు కొరుక్కునేవాళ్ళ పనే నాకు ఎక్కువ ఇష్టం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ కుడి బొటనవేలి సంగతి. వాచి ఎర్రగా ఉందంటే అది గోరుచుట్టు మొదలవుతున్నట్టు. దాని మీద ప్రైమర్, జెల్ వేస్తే నిజంగానే గోరుచుట్టు మీద రోకటిపోటు అవుతుంది. ఆ వేలిని వదిలెయ్యి. చీము గానీ, సలుపు గానీ ఉంటే డాక్టర్‌కి చూపించమని చెప్పు. మన కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. మిగతా తొమ్మిదింటిలో ఎక్కడైనా చర్మం తెగి ఉంటే అదీ మానేదాకా ఆగాలి. తెగిన చర్మానికి ల్యాంప్ కింద ఇంకా గట్టిపడని జెల్ గానీ, అక్రిలిక్ లిక్విడ్ గానీ తగిలితే ఎలర్జీ వచ్చే ప్రమాదం ఎక్కువ. వాటిలో ఉండే మెథాక్రిలేట్లు అనే రసాయనాలు ఒకసారి ఒంటికి పడకుండా పోయాయంటే జీవితాంతం పడవు. పళ్ళ డాక్టర్లు వాడే ఫిల్లింగుల్లో, ఎముకల ఆపరేషన్లలో వాడే సిమెంటులో కూడా ఇదే కుటుంబం రసాయనాలు ఉంటాయి. మనం ఒక్కరోజు ఫొటో కోసం చేసిన పని వాళ్ళకు ఇరవై ఏళ్ళ తర్వాత అడ్డం రాకూడదు.

ఇక టిప్స్. సంక్రాంతికి నీ తప్పల్లా టిప్స్ ఎంచుకోవడమే. టిప్ అతకాలంటే కింద గోరు ఉండాలి. సగం గోటి మీద టిప్ పెడితే అతుక్కునే చోటు తక్కువ, బయటికి పొడుచుకొచ్చే భాగం ఎక్కువ. పైగా ఉబ్బిన కండ కింది నుంచి తోస్తుంది కాబట్టే అవి పైకి లేచాయి. డబ్బా మూత తీసినా, బస్సులో కడ్డీ పట్టుకున్నా ఆ బరువంతా అతుకు మీదే పడుతుంది. ఊడక ఏం చేస్తుంది?

ఫామ్ మీదే కట్టు. కొస లేని గోటికి ఫామ్ పెట్టడం కష్టమే, కానీ కుదురుతుంది. పేపర్ ఫామ్ నోటి దగ్గర వంపును ఆ గోటి చివర ఆకారానికి తగ్గట్టు చిన్న కత్తెరతో కత్తిరించుకో. నీ బొటనవేలితో ఆమె వేలి చివర కండను కిందికి లాగి పట్టుకుంటే వెంట్రుకవాసి సందు దొరుకుతుంది. ఫామ్‌ను అక్కడ ఆనించి రెక్కలు వేలి చుట్టూ అంటించు. కొంతమంది కండ మీదే కాస్త అక్రిలిక్ వేసి, గట్టిపడ్డాక లేపి, దాని కింద ఫామ్ దూర్చడం నేర్పిస్తారు. చూడ్డానికి తేలిగ్గానే ఉంటుంది. నేను మాత్రం చెయ్యను. ఎలర్జీ మొదలయ్యేది అలా చర్మం మీద పడినప్పుడే.

పొడవు విషయంలో గట్టిగా ఉండు. కండ చివర నుంచి ఒక్క మిల్లీమీటరు, మహా అయితే రెండు. వాళ్ళమ్మ "ఇంకాస్త పొడుగ్గా" అంటుంది, ఒప్పుకోకు. లోపల గోటికి అంటుకున్న భాగం కంటే బయట ఉన్న భాగం ఎప్పుడూ చిన్నదిగానే ఉండాలి. మూలలు లేకుండా గుండ్రంగా తీర్చు. చిన్న గోళ్ళే పెళ్ళికూతురికి బాగుంటాయి, అన్నం కలుపుకోవడానికీ ఇబ్బంది ఉండదు.

ప్రిపరేషన్‌లో మామూలు కంటే రెట్టింపు ఓపిక కావాలి. ఎప్పుడూ నోట్లో నానే గోళ్ళు కదా, తడి పీల్చుకుని ఉంటాయి. దానికి తోడు మన వైజాగ్ ఉక్కపోత. నీళ్ళలో నానబెట్టే మానిక్యూర్ ఆ రోజు అస్సలు వద్దు. చేతులు కడిగించి, తుడిచి, ఏసీలో ఒక పావుగంట కూర్చోబెట్టు. క్యూటికల్ (గోటి మొదట్లో అంటుకుని ఉండే చచ్చిన చర్మం) పొడిగానే తియ్యి. డ్రిల్ మిషన్ పక్కన పెట్టేసి 240 గ్రిట్ బఫర్‌తో (సన్న గరుకుది) మెరుపు పోయేంత మాత్రమే రుద్దు. ఆ తర్వాత గోటి తడి తీసే డీహైడ్రేటర్, దాని మీద జెల్ పట్టుకోవడానికి పల్చగా యాసిడ్ లేని ప్రైమర్. ప్రైమర్ చర్మానికి తగలకూడదు.

ల్యాంప్ కింద గట్టిపడే బిల్డర్ జెల్ అయితే పల్చటి పొరలుగా వెయ్యి. కొరికిన గోళ్ళ కింద కండ సున్నితంగా ఉంటుంది, మందంగా వేసి ల్యాంప్‌లో పెడితే నిప్పు తగిలినట్టు మంటపుట్టి చెయ్యి లాగేసుకుంటారు. రెండు మూడు సెకన్లు పెట్టించి, బయటికి తీయించి, మళ్ళీ పెట్టించు. అక్రిలిక్ అయితే లిక్విడ్ ఈఎంఏ (ఇథైల్ మెథాక్రిలేట్) అని సీసా మీద చూసి కొను. చవగ్గా దొరికే లూజు లిక్విడ్‌లో ఎంఎంఏ (మిథైల్ మెథాక్రిలేట్) కలిసే ప్రమాదం ఉంది. అది రాయిలా గట్టిపడుతుంది, అసిటోన్‌కి సరిగ్గా లొంగదు, దెబ్బ తగిలితే అది విరగకుండా సొంత గోటిని లేపేస్తుంది. అమెరికాలో 1970ల్లోనే దాని మీద చర్యలు తీసుకున్నారు.

నీకున్న 12 రోజుల్ని ఇలా వాడుకో. చేతికి వచ్చే గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, కాబట్టి పెళ్ళిలోపు ఒక మిల్లీమీటరు మించి ఆశ పెట్టుకోకు. అయినా ఈ వారమే మొదటి సెట్ పెట్టు, రంగు లేకుండా. నలుగు, పసుపు, మెహందీ అన్నీ దాని మీదే జరిగిపోతాయి. పసుపు పట్టి పచ్చబడుతుంది, కంగారు పడకు. పెళ్ళికి రెండు రోజుల ముందు పిలిచి పై పొర బఫ్ చేసి, లేచినచోట సరిచేసి, అప్పుడు రంగు వెయ్యి.

ఒక చిన్న ఫైల్ ఆమె హ్యాండ్‌బ్యాగులో పెట్టి పంపడం మాత్రం మర్చిపోకు. కొరకడం చాలావరకు గరుకు అంచు దగ్గరే మొదలవుతుంది. వేలు నాలుకకు తగులుతుంది, ఎక్కడో పెచ్చు దొరుకుతుంది, పళ్ళు అక్కడికే పోతాయి. గరుకుగా అనిపించగానే ఫైల్ తియ్యమని చెప్పు. ఏదైనా లేస్తే పీకకుండా నీకు ఫోన్ చెయ్యమను. నేను ఇలాంటివాళ్ళకు మొదటి నెల రిపేర్లకు డబ్బు తీసుకోను. డబ్బు అవుతుందన్న మొహమాటంతోనే పీకేసుకుంటారు.

సీతమ్మధార_నుంచి జవాబు:

నేను పార్లర్ పని చేసేదాన్ని కాదు, ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని. టెన్త్ క్లాసు నుంచి 29 ఏళ్ళు వచ్చేదాకా కొరికాను. ఆవకాయ అన్నం కలిపితే వేళ్ళ చివరలు భగ్గున మండేవి, ఇంట్లో కూడా స్పూనుతో తినేదాన్ని. బ్యాంకులో కౌంటర్ మీద డబ్బు లెక్కపెట్టేటప్పుడు కస్టమర్ నా వేళ్ళు చూస్తున్నాడేమో అని ఒకటే టెన్షన్. అమ్మ వేపనూనె రాసేది, ఆ చేదు కూడా అలవాటైపోయింది.

మీరు చెయ్యగలిగిన పెద్ద సాయం, ఆ అమ్మాయిని ఒంటరిగా రమ్మనడం. అమ్మ పక్కనుంటే సిగ్గుతోనే ఇంకో రెండు గోళ్ళు కొరుకుతుంది. నాకు చేసినావిడ నా చేతులు చూసి ఏమీ అనలేదు. "ఏ వేలు ఎక్కువ కొరుకుతారు, ఎప్పుడు?" అని మాత్రం అడిగింది. ఆలోచిస్తే తెలిసింది, ఎడమ చూపుడువేలు, ఫోన్ చూస్తున్నప్పుడు. అంతవరకూ నాకే తెలియదు. ఆ వేలికి జెల్ కాస్త మందంగా వేసింది. పళ్ళకు తగిలినప్పుడు మందంగా, వేరేగా ఉండేసరికి చెయ్యి దానంతట అదే దిగిపోయేది. రెండుసార్లు పీకేసుకున్నాను కూడా. మూడో సెట్ నిలిచింది. మొత్తం గోరు నిండుగా రావడానికి ఐదు నెలలు పైనే పట్టింది.

ఎన్ఏడీ_అమ్మ జవాబు:

మా పాపకు 11 ఏళ్ళు, గోళ్ళు ఇలాగే కొరుకుతుంది. ఇది చదివాక తీసుకొద్దామా అనిపిస్తోంది. పిల్లలకు కూడా పెట్టొచ్చా అండి?

ద్వారకానగర్_అక్క జవాబు:

వద్దండి. పిల్లల గోళ్ళు పల్చన, ఎలర్జీ తెచ్చుకునే వయసు కాదు అది. మందుల షాపులో చేదు నెయిల్ పాలిష్ దొరుకుతుంది, డెనాటోనియం బెంజోయేట్ ఉండేది. గోళ్ళు ఎప్పుడూ చిన్నగా, నున్నగా కత్తిరించి ఉంచండి. నులిపురుగులు కూడా ఈ అలవాటుతో మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి పిల్లల డాక్టర్‌తో ఒక మాట అనండి. ఎప్పుడు కొరుకుతోందో కనిపెట్టండి, తిట్టకండి.

సీతమ్మధార అమ్మాయి చెప్పింది ముమ్మాటికీ నిజం చెల్లీ. ఒంటరిగానే రమ్మను.

మద్దిలపాలెం_నెయిల్స్, 19 రోజుల తర్వాత:

అక్కా, అందరికీ చాలా థ్యాంక్స్. ఏం జరిగిందో రాయకపోతే మనసు ఒప్పుకోలేదు.

ఒక్కదాన్నే రమ్మన్నాను, వచ్చింది. మూడున్నర గంటలు పట్టింది. మొదటి రెండు వేళ్ళకు ఫామ్ నాలుగుసార్లు జారిపోయింది. కండను కిందికి లాగి పట్టుకునే ఒత్తిడి చేతికి తెలిశాక మిగతావి కుదిరాయి. తొమ్మిది వేళ్ళకే పెట్టాను. బొటనవేలికి డాక్టర్ మందు రాసిచ్చారట, వారానికి వాపు తీసింది, పెళ్ళికి రెండు రోజుల ముందు దానికీ పెట్టాను. ఏ వేలు, ఎప్పుడు ఎక్కువ కొరుకుతావని అడిగితే చాలాసేపు ఆలోచించి, "రాత్రి అందరూ పడుకున్నాక, పెళ్ళి ఖర్చుల గురించి నాన్న ఫోన్లో మాట్లాడుతుంటే" అంది. నాకు ఏం మాట్లాడాలో తోచక చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

పసుపు మీరన్నట్టే పట్టింది, బఫ్ చేస్తే పోయింది. ముదురు ఎరుపు వేయించుకుంది. మధ్యలో ఒకటి లేస్తే పీకకుండా ఫోన్ చేసింది, ఆటోలో వచ్చి సరిచేయించుకుని వెళ్ళింది.

గోరు పెరిగినచోట సందు నింపించుకునే ఫిల్లింగ్‌కి నిన్న వచ్చింది, అత్తగారింటి నుంచి. ఎడమ ఉంగరపు వేలు ఒకటి కొరికేసుకుంది, తనే ముందు చూపించింది. మిగతా తొమ్మిదింటికీ వెనక కొత్త గోరు కనిపిస్తోంది. ఆ ఒక్కటీ మళ్ళీ కట్టాను. వచ్చే శనివారం మళ్ళీ రమ్మన్నాను.