దసరా తర్వాత బైక్ మీద సముద్ర తీరానికి: తూర్పుకా, పడమరకా, అసలు ఇప్పుడు వెళ్ళవచ్చా?

హనుమకొండ బుల్లెట్

సద్దుల బతుకమ్మ, దసరా ముగిశాక, దీపావళి లోపు మిత్రులందరం బైకుల మీద సముద్రం చూసి రావాలని నిశ్చయించుకున్నాం కానీ, ఎటు వెళ్ళాలన్న దగ్గరే మాట కుదరడం లేదు. నా ప్రతిపాదన ఇది. వరంగల్ నుంచి ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా రాజమండ్రి చేరి రాత్రికి అక్కడ ఆగడం, మరునాడు విశాఖ చేరి రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు చూసుకుంటూ తీరం రోడ్డు పట్టుకుని భీమిలి దాకా పోవడం, తిరుగు ప్రయాణంలో ఉప్పాడ, కాకినాడ, యానాం, కోనసీమ, మచిలీపట్నం మీదుగా విజయవాడ వచ్చి ఇల్లు చేరడం.

మా వాళ్ళలో సగం మంది మాత్రం, అక్టోబర్‌లో బంగాళాఖాతం వైపు పోవడమంటే కోరి తుపానుకు ఎదురెళ్ళడమేనని, పోతే కొంకణానికే పోదామని పట్టుబడుతున్నారు. వాన వెలిసి, చెరువులు నిండి, పొలాలు పచ్చగా ఉండి, ఎండ ఇంకా ముదరని కాలం మనకు ఏడాదిలో ఇదొక్కటే. దీన్ని భయపడి వదులుకోవలసిందేనా? అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పాలని మనవి.

కరీంనగర్ కమాన్

తుపాను సంగతి తర్వాత చూద్దాం, ముందు అసలు విషయం మాట్లాడుకుందాం. ఆంధ్ర తీరం వెంట బైక్ నడిపితే సముద్రం కనిపిస్తుందని మీకు ఎవరు చెప్పారు? కోల్‌కతా–చెన్నై 16వ జాతీయ రహదారి చాలా మేరకు సముద్రానికి ఎడంగానే పోతుంది. మీరు తిరుగు ప్రయాణానికి అనుకున్న 216వ జాతీయ రహదారి, అంటే కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, మచిలీపట్నం, బాపట్ల మీదుగా ఒంగోలు చేరే దారి, తీరపు ఊళ్ళను కలుపుతుందే గాని తీరాన్ని చూపించదు. దాని మీద మీకు కనిపించేవి వరిచేలు, కొబ్బరితోటలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు. నీళ్ళు పక్కనే ఉండగా బండి నడిపే అవకాశం విశాఖ–భీమిలి మధ్య, కాకినాడ–ఉప్పాడ మధ్య తప్ప పెద్దగా లేదు. ఆ కాస్త దారి కోసం వెయ్యి కిలోమీటర్లు పోయి రావడం నాకైతే న్యాయంగా తోచదు.

కొంకణం అట్లా కాదు. హైదరాబాద్, సోలాపూర్, కొల్హాపూర్ మీదుగా పోయి అంబా ఘాట్ దిగితే రత్నగిరి వస్తుంది. అక్కడి నుంచి ఉత్తరంగా గణపతిపుళే, జయగఢ్, గుహాగర్, దాభోళ్ పోయే దారి ప్రతి గుట్టకూ ఎక్కి ప్రతి పాయకూ దిగుతుంది కాబట్టి, సముద్రం ఎత్తు మీద నుంచి ఒకసారి, ఒడ్డు నుంచి ఒకసారి కనిపిస్తూనే ఉంటుంది. పాయలు అడ్డం వచ్చిన చోట బైకును ఫెర్రీ ఎక్కించి దాటవచ్చు. పైగా అక్టోబర్ సగానికల్లా నైరుతి రుతుపవనాలు అక్కడి నుంచి తప్పుకుంటాయి. మన తూర్పు తీరానికి సరిగ్గా అప్పుడే ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి.

మంథని పంతులు

కమాన్ గారు పడమటి సముద్రానికి కోపమే రాదన్నట్టు రాశారు. 2019 అక్టోబర్ చివర్లో అరేబియా సముద్రంలో క్యార్ తుపాను లేచినప్పుడు అది కొంకణ తీరాన్ని తాకకపోయినా, కోతకు వచ్చిన అక్కడి వరి వానకు దెబ్బతిన్నది. అదీగాక వరంగల్ నుంచి రత్నగిరి ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాట. వెళ్ళడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు దారికే పోతే, ఉద్యోగస్తుడికి అక్కడ ఉండడానికి మిగిలేది ఏముంటుంది? భీమిలి దాకా అయితే ఐదు వందల పైచిలుకు కిలోమీటర్లే. ఘాట్ల దగ్గర రోడ్లు కూడా వానాకాలపు గుంతలతోనే ఉంటాయి. వాటి పూడిక అక్టోబర్‌కు పూర్తవుతుందన్న నమ్మకం నాకు లేదు.

మానుకోట వాసి

ఇప్పటిదాకా అందరూ సముద్రం గురించే మాట్లాడారు. మనకు ప్రమాదం సముద్రం దగ్గర కాదు, ఇంటికీ సముద్రానికీ మధ్య ఉంది.

2024 సెప్టెంబర్ 1వ తేదీని గుర్తు చేసుకోండి. అంతకు ముందు రాత్రి కళింగపట్నం దగ్గర తీరం దాటింది తుపాను కూడా కాదు, ఒట్టి వాయుగుండం. వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల మధ్య ఉంటే వాయుగుండం, 62 దాటితేనే తుపాను. పెద్దగా గాలి లేని ఆ వాయుగుండమే మా మహబూబాబాద్ జిల్లాను ముంచింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. మరిపెడ దగ్గర పురుషోత్తమాయగూడెం వంతెన మీదుగా ఆకేరు పారింది. మున్నేరు ఖమ్మంలోని కాలనీలను ముంచెత్తింది. తీరానికి ఎంత దూరంలో ఉన్నామో చూసుకోండి. తర్వాత 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటితే, మరునాడు నీళ్ళలో ఉన్నవి వరంగల్, హనుమకొండ కాలనీలే.

బుల్లెట్ గారు అనుకున్న దారిలో ఖమ్మం చేరేలోపే ఆకేరు, మున్నేరు, వాటిలో కలిసే చిన్న వాగులు ఎన్నో తగులుతాయి. విశాఖ తీరం రోడ్డు మీద గాలి ముదిరితే హోటల్ గదిలో తలుపు వేసుకుని కూర్చోవచ్చు. వాగు మీద నీళ్ళు పారుతున్నప్పుడు మాత్రం, వెనుక ఇల్లు దగ్గరలోనే ఉందన్న ధైర్యం మనిషిని ముందుకు తోస్తుంది. మోకాలి లోతు కూడా లేదనుకున్న నీటి కింద తారు కొట్టుకుపోయి ఉంటే పైకి తెలియదు. పక్క నుంచి తోసే నీటికి బైక్ చక్రం నిలవదు. కారు వాళ్ళు దాటారు కదా అని బైకు వాళ్ళు దిగడం ప్రతి వానకూ చూస్తున్నదే.

కాబట్టి తుపాను హెచ్చరిక వచ్చిందా లేదా అని చూసి బయలుదేరడం చాలదు. మహబూబాబాద్, ఖమ్మం, సూర్యాపేట జిల్లాలకు భారీ వర్ష సూచన ఏ రంగులో ఉందో చూడాలి. అది నారింజ రంగులో ఉంటే సముద్రం ఎంత ప్రశాంతంగా ఉన్నా బండి బయటికి తీయకూడదు. తీరం కోసం ప్రయాణాన్ని మానుకోమని నేను అనడం లేదు. మన వాగుల కోసం ఆపుకోమంటున్నాను.

హనుమకొండ బుల్లెట్

మీ వాదనలో బలం ఉంది. కానీ ఈ లెక్కన మనం ఎప్పుడూ కదలలేము. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబర్ 12న. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబర్ 11న. ఆ రెండింటి నడుమ ఎన్ని అక్టోబర్లు వచ్చి పోలేదు? నవంబర్‌కు జరుపుదామంటే 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చింది, డిసెంబర్‌కు జరుపుదామంటే 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరకు వచ్చింది. జనవరి దాకా ఆగితే మన వైపు పచ్చదనం పోయి, చెరువుల్లో నీళ్ళు తగ్గి, దారి పొడుగునా చూడడానికి ఏమీ మిగలదు. తుపానుకు 72 గంటల ముందే వాతావరణ శాఖ మొదటి సూచన ఇస్తుంది. చేతిలో ఫోను ఉన్న మనిషి అక్టోబర్‌కు భయపడడం ఎందుకు?

కాజీపేట జంక్షన్

ఒక మాట చెబితే రైడర్లకు కోపం వస్తుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ కాజీపేటలోనూ వరంగల్‌లోనూ ఆగి రాత్రంతా నడిచి పొద్దునకు విశాఖలో దించుతుంది. అక్కడ బైక్ అద్దెకు తీసుకుని, చూడదగ్గ ఆ తీరం రోడ్డు మీదే తనివితీరా తిరగవచ్చు. కమాన్ గారు చెప్పినట్టు సముద్రం కనిపించేది ఆ కాస్త మేరే అయితే, మిగతా దూరమంతా లారీల వెనుక నడుము నొప్పి తెచ్చుకోవడం దేనికి? అద్దె బండి నంబరు ప్లేటు నలుపు మీద పసుపు అక్షరాలతో ఉందో లేదో మాత్రం చూసుకోండి. సొంత వాడకానికి నమోదైన తెల్ల ప్లేటు బండిని అద్దెకిచ్చే వాళ్ళు ఎక్కడైనా ఉంటారు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది.

జమ్మికుంట మెకానిక్

జంక్షన్ గారి సలహా కుటుంబంతో పోయే వారికి బాగుంటుంది. సొంత బండి మీద పోవాలనుకున్న వాడికి దారి కూడా యాత్రలో భాగమే కాబట్టి ఆ చర్చ తెగదు. ఆకేరు పొంగిన రోజు రైలు కూడా ఆగిందని మానుకోట గారే పైన రాశారు.

ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. దసరా నుంచి కార్తీకం దాకా మన రోడ్ల మీద మక్కలు, వడ్లు ఆరబోసి ఉంటాయి. కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ 17 శాతం మించితే తూకం వేయరు, కల్లాలు అందరికీ లేవు, కాబట్టి రైతును తప్పుపట్టి లాభం లేదు. రోడ్డులో సగం మేర వడ్లు, వాటి అంచున వరుసగా రాళ్ళు, రాత్రయితే పైన నల్ల టార్పాలిన్, దాని మీద మళ్ళీ రాళ్ళు. ఎదురుగా వచ్చే లారీ లైటు కళ్ళలో పడ్డప్పుడు ఆ నల్ల పట్టా రోడ్డులో కలిసిపోతుంది. చక్రం వడ్ల మీదికి ఎక్కిందంటే బ్రేకు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. ఈ రోజుల్లో నా దుకాణానికి వచ్చే వంగిన ఫోర్కులు, విరిగిన ఫుట్‌రెస్టులు ఎక్కువగా ఈ కారణంగానే వస్తాయి. తుపాను ఏదో ఒక ఏడాది వస్తుంది, వడ్లు ప్రతి ఏడాదీ రోడ్డు మీదే ఉంటాయి. అందుకని చీకటి పడే వేళకు జాతీయ రహదారి మీదనైనా ఉండాలి, లేదా బండి ఆపి ఉండాలి. అక్టోబర్ చివరికి విశాఖలో సాయంత్రం ఐదున్నరకే పొద్దుగూకుతుంది, దానికి తగ్గట్టు పొద్దున్నే బయలుదేరండి. తూర్పుకు పోతున్నారు కాబట్టి పొద్దుటి ఎండ నేరుగా కళ్ళలో కొడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు సాయంత్రపు ఎండ కూడా అంతే. హెల్మెట్ అద్దం గీతలు పడి ఉంటే ముందే మార్చుకోండి.

ఇసుకలో బండి నిలిపేటప్పుడు సైడ్ స్టాండు కింద వెడల్పాటి రాయో చెక్క ముక్కో పెట్టాలి, లేకపోతే స్టాండు మెల్లగా దిగబడి, మీరు నీళ్ళలో ఉండగా బండి పక్కకు ఒరుగుతుంది. తడి ఇసుక మీదికి అసలు తీసుకుపోకూడదు. ఉప్పు గాలి తగిలిన చైన్‌ను ఆ రాత్రే తుడిచి లూబ్ పట్టించాలి. ఇంటికి వచ్చాక మంచినీళ్ళతో కింది భాగం కడిగిస్తే, ముఖ్యంగా స్పోకులు, సైలెన్సర్ అతుకులు కడిగిస్తే తుప్పు పట్టదు. ఎర్రమట్టి దిబ్బల్లోకి బండ్లు ఎక్కించి వీడియోలు తీసే పని మాత్రం పెట్టుకోవద్దు. అది రక్షిత భూవారసత్వ ప్రదేశం, పైగా ఆ మట్టి టైరు తగిలితే రాలిపోతుంది.

మంథని పంతులు

తేదీ ఎంచుకునేటప్పుడు కార్తీక పౌర్ణమిని తప్పించండి. ఆ రోజు మంగినపూడి, సూర్యలంక తీరాలకు సముద్ర స్నానానికి జనం పోటెత్తుతారు. బండి తీరం దాకా పోనివ్వరు, పోయినా తిరిగి రాలేరు. దీపావళి లోపు అన్నారు కాబట్టి ఆ బాధ మీకు లేదు. ఈ మాట ఆలస్యంగా బయలుదేరేవారి కోసం.

కరీంనగర్ కమాన్

ఇంత చర్చ జరిగినా, తూర్పు తీరం రోడ్డు మీద సముద్రం ఎంత మేర కనిపిస్తుందన్న నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఉప్పాడ రోడ్డునైతే కడలి కోత ఏడాదికింత తినేస్తూనే ఉంది. రాళ్ళు పోస్తారు, మళ్ళీ పోతాయి. అల ఎగసి రోడ్డు మీద పడే రోజున అటు వాహనాలు ఆపేస్తారు కూడా.

హనుమకొండ బుల్లెట్

కమాన్ గారికి జవాబు: నాకు రోడ్డు మీద నుంచి సముద్రం ఎడతెగకుండా కనిపించవలసిన అవసరం లేదు. యానాం దగ్గర గౌతమిని, దిండి దాటాక చించినాడ వంతెన మీద వశిష్టను దాటి, ఆ తర్వాత సముద్రం దగ్గరకు పోతే గోదావరి ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది. మన కాళేశ్వరం దగ్గర చూసిన నీళ్ళే అవి. వరద లేకపోతే సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద బైకులతో సహా రేవు దాటాలని కూడా ఉంది. మీ ఫెర్రీకి అది సరిపోదా?

మిగతా వాటిలో మార్పులు చేసుకుంటున్నాను. రాత్రి ప్రయాణం ఎక్కడా ఉండదు. ఉప్పాడ రోడ్డు మూసి ఉంటే పిఠాపురం మీదుగానే కాకినాడ పోతాం. వర్ష సూచన చూసుకుని, రాజమండ్రిలో ఆగిన రాత్రి ముందుకా వెనక్కా అన్నది నిర్ణయించుకుంటాం.

మానుకోట వాసి

రాజమండ్రిలో కాదు, ఖమ్మంలో నిర్ణయించుకోండి. రాజమండ్రి చేరాక వెనక్కి తిరిగితే మీరు దాటవలసింది అవే వాగులు, అది కూడా వాన మొదలయ్యాక. ఖమ్మంలో ఆగి రానున్న మూడు రోజుల సూచన చూసి, అనుమానం ఉంటే అక్కడి నుంచే ఇంటికి మళ్ళండి. గోదావరి దాటాక వాన పట్టుకుంటే మాత్రం, సెలవు మించిపోయినా సరే, మున్నేరు తగ్గేదాకా అక్కడే ఉండిపోవాలని బయలుదేరేముందే అందరినీ ఒప్పించండి. బృందంలో ఒకరికి సోమవారం ఆఫీసు ఉంటే చాలు, అందరూ వాగులో దిగుతారు.