కొత్త షూలు వేసినా వెనుక బ్రేకు పట్టేస్తోంది, తప్పు ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న (కావలి)

నా చిన్న కారు 2012 మోడల్. ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉన్నాయి. రెండు నెలలుగా ఎడమ వైపు వెనుక చక్రానికి బ్రేకు పట్టేస్తోంది. నెల్లూరు వెళ్లి దిగేసరికి ఆ డ్రమ్ము దగ్గర చేయి పెట్టలేనంత వేడిగా ఉండి కాలిన వాసన వస్తోంది, కుడి చక్రం మాత్రం గోరువెచ్చగానే ఉంటోంది. మా వీధి వాలులో న్యూట్రల్‌లో వదిలితే దానంతటదే దొర్లే కారు ఇప్పుడు కదలడం లేదు. మెకానిక్ రెండు వైపులా షూలు (డ్రమ్ముకు లోపలి నుంచి ఒత్తుకునే బ్రేకు ముక్కలు), స్ప్రింగులు మార్చిన తర్వాత పది రోజులు బాగానే నడిచి మళ్లీ మొదటికి వచ్చింది. ఇప్పుడు చక్రం దగ్గర షూలను నెట్టే వీల్ సిలిండర్‌తో పాటు, పెడల్ తొక్కితే అన్ని చక్రాలకు ఆయిలును నెట్టే మాస్టర్ సిలిండర్ కూడా మార్చాలని అంటున్నారు. మేము తుమ్మలపెంట రోడ్డు వైపు, సముద్రపు గాలి తగిలే చోట ఉంటాము, రాత్రిపూట హ్యాండ్ బ్రేకు వేసే కారు నిలుపుతాను. ఇంకా డబ్బు పెట్టే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉంటే దయచేసి వివరించగలరు.

జవాబు (ఒంగోలు, వర్కుషాపు నడుపుతున్నాను)

ఒక్క చక్రమే వేడెక్కుతోందని మీరు రాసినందువల్ల, మాస్టర్ సిలిండర్ జోలికి ఇప్పుడే వెళ్లవద్దని నా గట్టి అభిప్రాయం. ఇంజను ముందు చక్రాలను తిప్పే చిన్న కార్లలో చాలావరకు బ్రేకు గొట్టాలు ఐమూలగా, అంటే ఎడమ వెనుక చక్రానికి కుడి ముందు చక్రం జతగా ఉంటాయి కాబట్టి, మాస్టర్ సిలిండర్‌లో ఆయిలు వెనక్కి తిరిగే రంధ్రం మూసుకుపోతే ఆ జత చక్రం కూడా వేడెక్కాలి.

పరీక్ష ఇలా చేయండి. హ్యాండ్ బ్రేకు దించితే గాని పరీక్ష కుదరదు, దించితే కారు దొర్లుతుంది. అందుకని గేరులో ఉంచి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో లేపి కింద స్టాండు తప్పక పెట్టండి. జాకీని మాత్రమే నమ్ముకుని కారు కిందికి దూరవద్దు. చక్రం బిగుసుకుని ఉన్నప్పుడే, వీల్ సిలిండర్ నుంచి ఆయిలు బయటికి వదిలే బ్లీడింగ్ నిపిల్‌కు చిన్న ట్యూబు తొడిగి, చివరను సీసాలో ఉంచి, నిపిల్‌ను కొద్దిగా వదులు చేయండి. ఆయిలు చిమ్మి చక్రం వదులైతే ఒత్తిడి లోపల చిక్కుకుందన్నమాట, రబ్బరు హోసు లోపలి పొర ఉబ్బి ఆయిలును వెనక్కి రానీయకపోవడం అందుకు సాధారణ కారణం. చక్రం వదలకపోతే వీల్ సిలిండర్ పిస్టన్ తుప్పు పట్టిందో, షూలు వెనుక ప్లేటు మీద గాడి పడిన చోట తట్టుకుంటున్నాయో, హ్యాండ్ బ్రేకు కేబులు తిరిగి రావడం లేదో చూడాలి. వీటిలో నేను మొదట అనుమానించేది కేబులునే.

జవాబు (నెల్లూరు)

పై మాటలతో ఏకీభవిస్తున్నాను. నిపిల్ వదలకుండానే చేయదగిన పరీక్ష ఇంకొకటి ఉంది. డ్రమ్ము విప్పి షూలను వెనక్కి తెచ్చాక, రెండు రోజుల పాటు హ్యాండ్ బ్రేకు అసలు వేయకుండా, చదునైన చోట గేరులో ఉంచి చక్రానికి రాయి అడ్డం పెట్టి నిలపండి. చక్రం వేడెక్కడం ఆగిపోతే కేబులు వైపే తప్పు ఉందనుకోవచ్చు.

అంతవరకు దూర ప్రయాణాలు మానండి, ముఖ్యంగా పిల్లలను ఎక్కించుకుని వెళ్లవద్దు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేకు ఆయిలు కొత్తదైతే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు, తేమ బాగా చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. పట్టేసిన డ్రమ్ము వేడికి ఆయిలు మరిగి ఆవిరి బుడగలు చేరితే, పెడల్ నేలకు తగిలినా బండి ఆగదు.

అడిగినవారు (కావలి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు మెకానిక్ గారిని ఇంటికి పిలిపించి, దగ్గరుండి చూశాను. నిపిల్ వదిలినా చక్రం వదలలేదు. హ్యాండ్ బ్రేకు దగ్గరి నట్టును పూర్తిగా వదులు చేసినా వదలకపోయేసరికి, కేబులు తప్పు లేదని ఆయన అన్నారు. చివరకు డ్రమ్ముకున్న రెండు మరల రంధ్రాల్లో 8 మి.మీ. బోల్టులు సమానంగా బిగించి డ్రమ్మును బయటికి తీశాక చూస్తే, వెనుక షూకు ఉన్న హ్యాండ్ బ్రేకు లివరు తన ఆనుడు (వెనక్కి వచ్చి ఆగాల్సిన చోటు) మీదికి రాకుండా ముందుకు లాగబడే ఉంది. స్క్రూడ్రైవరుతో నెట్టగానే నాలుగైదు మిల్లీమీటర్లు వెనక్కి జరిగి షూలు దగ్గరకు వచ్చాయి. ఇలా ఉంటే ముందు నట్టు వదులు చేసినప్పుడే ఎందుకు వదలలేదు?

జవాబు (ఒంగోలు)

తీగ తొడుగులోపల తుప్పు పట్టి బిగిసింది కనుక. ముందు చివర వదులైనా, బిగిసిన చోటికి వెనకాల ఉన్న తీగ లాగుడులోనే ఉండిపోతుంది. షూలు మార్చినప్పుడు పది రోజులు బాగుండటానికి కూడా కారణం ఉంది: డ్రమ్ము విప్పి బిగించేటప్పుడు కేబులు కదిలి కొంత వదులై ఉంటుంది, ఉప్పు గాలిలో మళ్లీ బిగుసుకుంది. పైగా కొత్త లైనింగు (షూ మీద డ్రమ్ముకు రాసుకునే పొర) మందంగా ఉండటంతో షూకు, డ్రమ్ముకు మధ్య సందు తగ్గి, లివరు కొద్దిగా లాగబడి ఉన్నా ఇప్పుడు పట్టేస్తుంది.

ఆ కేబులుకు నూనె పోసి కాలం గడపవద్దు, కొత్తది వేయించండి. బిగించే వరుస ముఖ్యం: ముందు షూల సర్దుబాటు సరిచేసి, డ్రమ్ము తగలకుండా తిరుగుతోందని నిర్ధారించుకున్నాకే, చివరగా హ్యాండ్ బ్రేకు నట్టు బిగించాలి. చాలామంది ఈ వరుసను తిరగేసి, షూల వదులును కేబులుతో లాగి సర్దుతారు, అప్పుడు లివరు ఆనుడును వదిలేస్తుంది, దానంతటదే సర్దుకునే ఏర్పాటు కూడా సరిగా పనిచేయదు. పాత డ్రమ్ము బాగా వేడెక్కి నీలిరంగు మచ్చలు పడితే, పగుళ్లు కనిపిస్తే దాన్ని మార్చండి. లోపలి దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. వేడిని భరించిన ఆయిలును కూడా మార్పించండి.

అడిగినవారు (కావలి)

కొత్త కేబులు వేసి, మీరు చెప్పిన వరుసలోనే సర్దించాను, ఆయిలు కూడా మార్చాము. నెల్లూరు వెళ్లి వచ్చాక రెండు డ్రమ్ములనూ తాకి చూశాను, రెండూ ఒకే వేడిలో ఉన్నాయి, కారు మా వాలులో మళ్లీ దానంతటదే దొర్లుతోంది. కుడి వైపు కేబులు అదే వయసుది కాబట్టి వచ్చే నెల దాన్ని కూడా మార్పిస్తాను.