క్యాడెట్ పైలట్ శిక్షణకు అంత ఖర్చు పెట్టడం సబబేనా?

నీలిగగనం:

మా చెల్లెలు ఒక విమానయాన సంస్థ నిర్వహించే క్యాడెట్ పైలట్ శిక్షణకు ఎంపికైంది. రాతపరీక్ష, సైకోమెట్రిక్ పరీక్షలు, బృంద చర్చ, ఇంటర్వ్యూ అన్నీ దాటుకుని వచ్చినందుకు ఇంట్లో అందరం సంతోషించాం. కానీ ఒప్పంద పత్రం చేతికి వచ్చినప్పటి నుంచి నాకు మనసు స్థిమితంగా లేదు. శిక్షణ ఖర్చు దాదాపు అంతా మేమే భరించాలి, అందుకు బ్యాంకు రుణం తీసుకోవాలి, ఆ రుణానికి హామీ సంతకం నేను పెట్టాలి. సంస్థతో సంబంధం లేకుండా మామూలు ఫ్లయింగ్ స్కూల్లో దశలవారీగా నేర్చుకుంటే ఇంతకన్నా చాలా తక్కువలో లైసెన్సు వస్తుందని తెలిసినవారు చెబుతున్నారు. ఇంత పెద్ద ఒప్పందంలో ఉద్యోగం గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: శిక్షణను విజయవంతంగా ముగించిన అభ్యర్థిని, సంస్థ అవసరాలను బట్టి, ఫస్ట్ ఆఫీసర్ (సహ పైలట్) నియామకానికి పరిశీలిస్తారట. ఆమె ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నాకు ఇష్టం లేదు, అలాగని కళ్లు మూసుకుని సంతకం చేయడానికీ చెయ్యి రావడం లేదు. ఈ దారిలో నడిచినవారు ఉంటే దయచేసి చెప్పండి.

కుడిసీటు:

నీలిగగనం గారూ, నేను క్యాడెట్ శిక్షణ ద్వారానే ఈ వృత్తిలోకి వచ్చాను, ఇప్పుడు ఎయిర్‌బస్ 320 మీద ఫస్ట్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. నా విషయంలో ఆ ఖర్చు వృథా కాలేదు.

ఆ రుసుముతో మీరు కొంటున్నది లైసెన్సు ఒక్కటే కాదు, మొదటి రోజు నుంచీ అలవాటు చేసే విమానయాన సంస్థ పద్ధతి కూడా. సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానంలో నేర్చుకునే రోజుల్లోనే, పక్క సీటులో మరో పైలట్ ఉన్నట్టుగా ప్రతి చెక్‌లిస్టునూ మాచేత పైకి చదివించేవారు. రన్‌వేను సమీపిస్తూ నిర్ణీత ఎత్తుకు చేరేసరికి వేగం, దిగే రేటు, రన్‌వేతో వరుస ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా గో-అరౌండ్ (దిగడం మాని మళ్లీ పైకి లేవడం) చేసి తీరాలి, అక్కడ వాదనకు తావు ఉండేది కాదు. టైప్ రేటింగ్ (ఒక నిర్దిష్ట రకం విమానాన్ని నడిపే అర్హత) శిక్షణ చివర్లో ప్రయాణికులు లేని ఖాళీ విమానంతో సర్క్యూట్లు తిరుగుతూ టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు చేసేటప్పుడు, అంత పెద్ద యంత్రం కొత్తగా అనిపించినా చెయ్యవలసిన పనుల క్రమం మాత్రం నాకు కొత్తగా అనిపించలేదు. ఆ తేడా చిన్నది కాదని ఇప్పటికీ నమ్ముతాను.

అయితే మా బృందం శిక్షణ ముగించే సమయానికి సంస్థకు కొత్త విమానాలు వస్తున్నాయి, పైలట్ల అవసరం ఉంది. ఇదే శిక్షణను 2020 తొలి నెలల్లో ముగించినవారి పరిస్థితి తలుచుకోండి. ప్రపంచమంతటా విమానాలు నేలమీద నిలిచిపోయాయి, కానీ రుణ వాయిదాలు ఆగలేదు. శిక్షణ సాధారణంగా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు సాగుతుంది కాబట్టి, చేరేనాడు ఉన్న గిరాకీ బయటికి వచ్చేనాటికీ ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేరు. అందుకే మీరు ఉదహరించిన ఆ ఒక్క వాక్యం విషయంలో గట్టిగా నిలబడండి. 'పరిశీలిస్తారు' అనే మాటకు బదులు, ఏ ప్రమాణాలు అందుకుంటే నియామకం ఇస్తారో, ఎన్ని నెలల్లోగా ఇస్తారో, ఇవ్వలేకపోతే ఏం చేస్తారో రాతపూర్వకంగా అడగండి.

సిమ్ బోధకుడు:

కుడిసీటు గారి మాటతో ఏకీభవిస్తూనే, ఆయన ప్రస్తావించని ఒక విషయం చెబుతాను. శిక్షణ చివర మీ చెల్లెలి చేతికి వచ్చేది సీపీఎల్ లైసెన్సా, ఎంపీఎల్ లైసెన్సా అన్నది ముందుగా తెలుసుకోండి. రుసుము సంగతి ఆ తర్వాత చూడవచ్చు.

సీపీఎల్ అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు, ఇది పాత పద్ధతి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో నిబంధనల ప్రకారం దానికి కనీసం 200 గంటల విమాన చోదన కావాలి, ఆమోదం పొందిన సమగ్ర శిక్షణలో అయితే 150 గంటలు సరిపోతాయి. దానితో ఏ సంస్థకైనా దరఖాస్తు చేసుకోవచ్చు, అదనపు రేటింగ్ తీసుకుని ఫ్లయింగ్ స్కూల్లో బోధకురాలిగా కూడా చేరవచ్చు. ఎంపీఎల్ అంటే మల్టీ-క్రూ పైలట్ లైసెన్సు. ఐకావో దీనిని 2006లో ప్రవేశపెట్టింది. ఇందులో 240 గంటల కనీస శిక్షణలో అధిక భాగం సిమ్యులేటర్లోనే, ఇద్దరు పైలట్ల వాతావరణంలోనే జరుగుతుంది. బోధకుడిగా చెబుతున్నాను, ఆధునిక జెట్ విమానంలో సహ పైలట్ కూర్చునే కుడివైపు సీటుకు ఇది మంచి శిక్షణ. చిక్కంతా ఆ లైసెన్సు స్వభావంలో ఉంది. శిక్షణ మొత్తం ఒక సంస్థను, ఒక రకం విమానాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందుతుంది కాబట్టి, మధ్యలో ఆ సంస్థ తప్పుకుంటే అభ్యర్థి చేతిలో సగం లైసెన్సు కూడా ఉండదు. మరో సంస్థ ముందుకు రావాలి, లేదా అదనపు గంటలకు మళ్లీ డబ్బు కట్టి సీపీఎల్ వైపు మళ్లాలి. ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. ప్రపంచంలో తొలి ఎంపీఎల్ అభ్యర్థులు డెన్మార్క్‌కు చెందిన స్టెర్లింగ్ సంస్థ కోసం తయారయ్యారు, ఆ సంస్థ 2008 అక్టోబరులో దివాలా తీసింది.

అమెరికాలో ఎంపీఎల్ ఇవ్వరు. 2009లో బఫెలో సమీపంలో జరిగిన కోల్గన్ ఎయిర్ ప్రమాదం తర్వాత, అక్కడ ఫస్ట్ ఆఫీసరుకు కూడా సాధారణంగా 1,500 గంటల అనుభవం ఉండాలనే నియమం 2013లో అమలులోకి వచ్చింది. అందువల్ల అక్కడి క్యాడెట్ కార్యక్రమాలు నేరుగా కాక్‌పిట్‌కు తీసుకువెళ్లవు. మధ్యలో బోధకులుగా పనిచేస్తూ గంటలు కూడబెట్టుకోవాలి. కాబట్టి 'క్యాడెట్' అనే ఒకే పేరుతో వేర్వేరు దేశాల్లో జరిగే కార్యక్రమాలను పోల్చి, ఇది ఖరీదు, అది చవక అని తేల్చడం కుదరదు.

విడిదారి:

నా అభిప్రాయం కొంత వేరు. నేను దశలవారీగానే నేర్చుకున్నాను: ముందు ప్రైవేటు లైసెన్సు, తర్వాత ఉద్యోగం చేసుకుంటూ గంటలు, ఆ తర్వాత సీపీఎల్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా పరికరాల ఆధారంగా విమానం నడిపే అర్హత). ప్రతి దశకూ ముందు చేతిలో ఎంత ఉందో చూసుకుని మాత్రమే అడుగు వేశాను. ఒకవేళ మధ్యలో ఆగవలసి వచ్చినా అంతవరకు సంపాదించిన లైసెన్సు నాదే, తీర్చవలసిన పెద్ద రుణం ఉండదు. క్యాడెట్ శిక్షణలో ఆ వెసులుబాటు లేదు.

అయితే ఈ దారి చవక అని చెప్పేవారు చాలామంది టైప్ రేటింగ్ ఖర్చును లెక్కలోకి తీసుకోరు. తక్కువ గంటలున్న పైలట్ లైసెన్సుతో నెలల తరబడి దరఖాస్తులు పెట్టుకుంటూ, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ గడువు తీరకుండా పునరుద్ధరించుకుంటూ ఉండటానికి అయ్యే ఖర్చూ లెక్కలోకి రాదు. ఇక్కడ క్రమశిక్షణ కూడా మనదే. యూరప్ నిబంధనల కింద ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు) సిద్ధాంత పరీక్షలన్నీ పాసయ్యాక 36 నెలల్లోగా సీపీఎల్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ పూర్తి చేయకపోతే ఆ పరీక్షల చెల్లుబాటు పోతుంది. పని ఒత్తిడిలో ఆ గడువు దగ్గర పడి హడావుడి పడినవారిని చూశాను.

ఏ దారి అయినా ఒక్క మాట వినండి, మొత్తం రుసుము ఒకేసారి ముందుగా చెల్లించకండి. 2023లో బ్రిటన్‌లో శిక్షణ సంస్థలు మూతపడినప్పుడు ముందే డబ్బు కట్టిన విద్యార్థులు చాలా నష్టపోయారు. శిక్షణ జరిగినంత మేరకే చెల్లించే ఏర్పాటు కోరండి, లేదా సొమ్మును మూడో పక్షం వద్ద ఉంచే ఖాతా ఉందేమో అడగండి.

నీలిగగనం:

ముగ్గురికీ కృతజ్ఞతలు. మళ్లీ చదివితే లైసెన్సు ఎంపీఎల్ అనే ఉంది. ఇంకొక అంశం కూడా కనిపించింది: ఏ దశలోనైనా ప్రగతి సంతృప్తికరంగా లేదని భావిస్తే సంస్థ అభ్యర్థిని తొలగించవచ్చు, అప్పటివరకు చెల్లించినది తిరిగి రాదు. ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా నిర్ణీత కాలం పనిచేయకుండా వెళ్లిపోతే బాండు మొత్తం కట్టాలని ఉంది. ఇవి మామూలేనా?

సిమ్ బోధకుడు:

బాండు మామూలే. టైప్ రేటింగ్ ఖర్చు సంస్థ పెట్టుకుంటే అది న్యాయమే, కాకపోతే పనిచేసిన కాలాన్ని బట్టి బాండు మొత్తం నెలనెలా తగ్గుతూ రావాలి. శిక్షణ ఖర్చంతా అభ్యర్థే భరించి, మళ్లీ బాండు కూడా రాయమంటే నేనైతే సంతకం పెట్టవద్దనే చెబుతాను.

తొలగింపు అంశం అంతకన్నా ముఖ్యమైనది. పరీక్షలో తప్పితే ఎన్ని అదనపు అవకాశాలు ఇస్తారు, అదనపు సిమ్యులేటర్ సెషన్ల ఖర్చు ఎవరిది, తొలగించే నిర్ణయం ఒక్క బోధకుడిదా లేక సమీక్షా సంఘానిదా అన్నవి అడగండి. సమర్థులైన విద్యార్థులు కూడా ఒక దశలో తడబడతారు. అలాంటివారికి రెండు మూడు సెషన్లు అదనంగా ఇస్తే చక్కగా కుదురుకోవడం ఎన్నోసార్లు చూశాను. మంచి కార్యక్రమాల్లో ఈ వివరాలన్నీ శిక్షణ మాన్యువల్‌లోనే రాసి ఉంటాయి, అడిగితే చూపిస్తారు. చూపించడానికి వెనకాడితే అది ఆలోచించవలసిన విషయమే.

కుడిసీటు:

ఒప్పందం కన్నా ముందు ఆమె చేత క్లాస్ 1 వైద్య పరీక్ష చేయించండి. కళ్లు, చెవులు, గుండె, రంగులను గుర్తించే శక్తి అన్నీ అందులో చూస్తారు. మొదటి వాయిదా కట్టాక అక్కడ ఏదైనా తేలితే చాలా కష్టం. ఆ ధ్రువపత్రం చేతికి వచ్చాకే బ్యాంకు పత్రాల మీద సంతకం పెట్టండి. ఉద్యోగంలో చేరిన తర్వాత వైద్య కారణాలతో లైసెన్సు కోల్పోతే పరిహారం ఇచ్చే బీమా ఉంటుంది, రుణం తీరేవరకు అది తప్పనిసరిగా కొనసాగించాలి. హామీ మీరు ఉంటున్నారు కాబట్టి, ఆ పాలసీలో ఏయే పరిస్థితులకు పరిహారం రాదని రాశారో మీరే స్వయంగా చదవండి.