ఒకే ఫ్రేజల్ వెర్బుకు ఐదారు అర్థాలు: మీరు ఎలా సాధన చేశారు?

విజయనగరం అభ్యర్థి:
బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ పరీక్షల కోసం విజయనగరంలో గది తీసుకుని చదువుకుంటున్నాను. మిగతా వ్యాకరణం ఎలాగో పట్టుబడింది గానీ, క్రియకు ‘ఆఫ్’, ‘అప్’ వంటి చిన్న మాట చేరి ఏర్పడే ఫ్రేజల్ వెర్బుల దగ్గరకు వచ్చేసరికి ముందుకు సాగడం లేదు. నా దగ్గరున్న నోట్సులో ‘టేక్ ఆఫ్’ అన్న మాటకు ఎదురుగా విప్పుట, గాలిలోకి లేచుట, సెలవు పెట్టుట, ధర తగ్గించుట, అనుకరించుట, ఉన్నట్టుండి పుంజుకొనుట అని వరుసగా రాసి, ఒక్క వాక్యమైనా చూపకుండా తర్వాతి మాటకు వెళ్లిపోయారు. అర్థాలన్నీ అప్పజెప్పగలను, ప్రశ్నలో వాక్యం ఎదురైతే వాటిలో ఏది పనికొస్తుందో తేల్చుకోలేను. ఈ దారిలో నడిచినవారు దయచేసి చెప్పండి.

గజపతినగరం టీచరు:
బాబూ, అర్థాల వరుసను పక్కన పెట్టి, ఆ క్రియకు కర్మ ఏమిటో ముందు చూడండి. ‘టర్న్ డౌన్’ తర్వాత టీవీ గానీ రేడియో గానీ వస్తే శబ్దం తగ్గించడం. లోను దరఖాస్తు గానీ పెళ్లి సంబంధం గానీ వస్తే కాదనడం. మా తొమ్మిదో తరగతిలో బోర్డు మీద ‘పుట్ ఆన్’ అని మాత్రమే రాసి, దాని పక్కన ఏయే వస్తువులు కూర్చోగలవో పిల్లలనే అడుగుతాను. చొక్కా అంటారు, లైటు అంటారు, కాసేపటికి ఎవరో ఒకరు బరువు అంటారు, వార్షికోత్సవం దగ్గర పడుతుంటే నాటకం కూడా వస్తుంది. తొడుక్కోవడం, వేయడం, పెరగడం, ప్రదర్శించడం అనే నాలుగు అర్థాలూ ఆ నాలుగు నామవాచకాలను పట్టుకుని వాటంతటవే వస్తాయి. అర్థాన్ని విడిగా కాకుండా జంటగా నేర్చుకున్న పిల్లలు నెలల తర్వాత అడిగినా చెప్పగలగడం నేను చూస్తున్నాను.

ఇంకొక సంగతి. కర్మ స్థానంలో ‘ఇట్’, ‘దెమ్’ వంటి సర్వనామం వస్తే అది మధ్యలోకే రావాలి: ‘టర్న్ ఇట్ డౌన్’ సరైనది, ‘టర్న్ డౌన్ ఇట్’ తప్పు. ‘లుక్ ఆఫ్టర్’ వంటివి మాత్రం విడిపోవు. తప్పును గుర్తించమనే ప్రశ్నలకు ఈ తేడా పనికొస్తుంది.

పైడిభీమవరం కెమిస్టు:
మాస్టారు చెప్పింది మా ల్యాబులో రోజూ కనబడుతుంది. నేను మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో పనిచేస్తున్నాను. తూచిన పొడిని 100 మి.లీ. వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులో వేసి, కొంత ద్రావణి పోసి పూర్తిగా కరిగించి, ఆ తర్వాత ద్రవం ఒంపు అడుగు భాగం ఫ్లాస్కు మెడ మీది గీతను సరిగ్గా తాకేవరకు మళ్లీ ద్రావణిని చుక్కచుక్కగా పోయడాన్ని మేము ‘మేకప్’ చేయడం అంటాము. డిగ్రీ ముగించి కొత్తగా చేరినవారికి ఆ మాట ముఖానికి వేసుకునే రంగుగానే తెలుసు కాబట్టి, పద్ధతి పత్రంలో దాన్ని చదివి తెల్లబోతారు. అదే గదిలో ‘డేటా’ అన్న మాటకు ‘మేడ్ అప్’ తగిలితే లేని అంకెలను కల్పించారని అర్థం, మా వృత్తిలో అంతకంటే పెద్ద నేరం లేదు. కర్మ ద్రావణమైతే దినచర్య, అంకెలైతే ఉద్యోగానికే ముప్పు. అందువల్ల కొత్తవారికి ఈ రెండు వాక్యాలనూ మొదటి రోజే పక్కపక్కన రాసి చూపిస్తున్నాను.

వంశధార:
అర్థాలెన్ని ఉన్నాయోనని బెంబేలు పడనక్కరలేదని చెప్పడానికి రాస్తున్నాను. విదేశీయులకు ఇంగ్లీషులో మిక్కిలి కష్టమైనవి ఈ జంట క్రియలేనని శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు పీఠికలోనే రాశాడు కాబట్టి, ఈ ఇబ్బంది మన జిల్లాల వారిది మాత్రమే కాదు. గార్డ్‌నర్, డేవిస్ అనే పరిశోధకులు 10 కోట్ల పదాల బ్రిటిష్ పాఠ్య భాండాగారాన్ని, అంటే వాడుకలోని ఇంగ్లీషు నమూనాల సంకలనాన్ని, పరిశీలించి 2007లో ప్రకటించిన వ్యాసం ప్రకారం, ఎక్కువగా వాడే 100 ఫ్రేజల్ వెర్బులకు నిఘంటువు లెక్కలో 559 అర్థాలున్నాయి. 2015లో గార్నియే, ష్మిట్ ఇదే విషయాన్ని వాడుక వైపు నుంచి చూసి, 150 ఫ్రేజల్ వెర్బులకు 288 అర్థాలు తెలిస్తే అవి కనబడే సందర్భాలలో నాలుగింట మూడు వంతులు అర్థమవుతాయని తేల్చారు. అంటే ఒక్కొక్క దానికి సుమారు రెండు అర్థాలు. మీ నోట్సులోని ‘అనుకరించుట’ను ప్రస్తుతానికి వదిలేసినా నష్టం లేదని నా అభిప్రాయం.

బొబ్బిలి కోట:
‘అప్’ వంటి చిన్న మాటకే ఒక స్థిరమైన అర్థం ఉందనుకుంటే సులువు కాదా? ‘ఈట్ అప్’ అంటే తినేయడం, ‘డ్రింక్ అప్’ అంటే తాగేయడం, ‘యూజ్ అప్’ అంటే వాడేయడం. పని పూర్తయిందని చెప్పడానికి మనం ‘వేయు’ చేర్చినట్టే వారు ‘అప్’ చేరుస్తున్నారు.

గజపతినగరం టీచరు:
మంచి పోలిక, తరగతిలో నేనూ చెబుతాను. అయితే ‘థ్రో అప్’ అంటే వాంతి చేసుకోవడం, ‘బ్రింగ్ అప్’ అంటే పెంచి పెద్ద చేయడం. అక్కడ ఆ సూత్రం చేతులెత్తేస్తుంది. అర్థం తెలిశాక గుర్తుంచుకోవడానికి దాన్ని వాడండి, తెలియని అర్థాన్ని ఊహించడానికి మాత్రం వాడకండి.

టెక్కలి సిస్టర్:
నేను ఇంగ్లండులో నర్సుగా పనిచేస్తున్నాను. మన తెలుగులో ఇప్పటికే స్థిరపడిన మాటలతో జాగ్రత్తగా ఉండాలని నా మనవి. బండికి పికప్ లేదంటాము, ఫైలు పుటప్ చేశామంటాము, ఫలానా సంవత్సరంలో పాసవుట్ అయ్యామంటాము. తెలిసిన ఆ ఒక్క అర్థమే మిగతావాటికి అడ్డు నిలుస్తుంది. ఇక్కడ ఆసుపత్రిలో ‘పాస్ అవుట్’ అంటే స్పృహ తప్పడం, ‘కమ్ రౌండ్’ అంటే తిరిగి తెలివి రావడం, ‘పాస్ అవే’ అంటే కన్నుమూయడం. బంధువులతో ఫోనులో మాట్లాడేటప్పుడు ‘అవుట్’కూ ‘అవే’కూ మధ్య తేడా ఎంతటిదో చెప్పనక్కరలేదు. ఇంటర్వ్యూలకు వచ్చే చెల్లెళ్లకు చదువు ముగించిన సంగతి ‘గ్రాడ్యుయేట్’ అన్న మాటతోనే చెప్పమంటున్నాను.

విజయనగరం అభ్యర్థి:
అందరికీ కృతజ్ఞతలు. నోట్సును నామవాచకాల జంటలుగా తిరగరాయడం మొదలుపెట్టాను. ఒక్క సందేహం మిగిలింది మాస్టారూ: ‘గో ఆఫ్’ అలారానికి వస్తే మోగడం, లైటుకు వస్తే ఆరిపోవడం అని ఉంది. ఒకటి మొదలవడం, మరొకటి ఆగిపోవడం. పైగా ఇక్కడ కర్మే లేదు.

గజపతినగరం టీచరు:
అది అకర్మక క్రియ కాబట్టి కర్తను చూడండి. అలారం, తుపాకీ, బాంబు కర్తలైతే ఒక్కసారిగా మోగడం లేదా పేలడం. లైటు, ఫ్యాను కర్తలైతే ఆగిపోవడం. పాలు, చేప కర్తలైతే చెడిపోవడం. ఈ మూడు గుంపులకు మూడు వాక్యాలు రాసి ఇక్కడ పెట్టండి, రేపు సాయంత్రం బడి అయ్యాక చూస్తాను.