ఆగస్టు బాలల సభ: వైజ్ఞానిక కల్పన కథల ఎంపిక

కథల ఎంపిక బాధ్యుల నుంచి:

సభ్యులందరికీ నమస్కారం. జాతీయ అంతరిక్ష దినోత్సవమైన ఆగస్టు 23కు దగ్గరలో వచ్చే ఆదివారం మన సంఘం జరపబోయే బాలల సభకు అందిన కథలన్నీ చదివాను. 2023లో అదే రోజున చంద్రయాన్-3 చంద్రుడిపై దిగినప్పుడు దాన్ని నడిపించిన ఇస్రో కేంద్రం మన బెంగళూరులోని పీణ్యలోనే ఉంది కనుక, ఇక్కడి పిల్లలు అడిగే ప్రశ్నలకు నిలబడగలిగే కథలనే ఎంచుకోవాలని నా కోరిక.

చాలా కథల్లో రాకెట్టు తీసేసి పుష్పక విమానం పెట్టినా ఏమీ మారదు. అవి మంచి కథలే కావచ్చు గానీ, విజ్ఞానశాస్త్రం చెప్పిన ఒక నియమాన్ని ఒప్పుకొని చివరిదాకా దానికి కట్టుబడినప్పుడే అది వైజ్ఞానిక కల్పన అవుతుంది. ఒక కథలో అంగారకుడిపై ఉన్న పాప, ప్రాణవాయువు గొట్టం చిట్లిందని భూమి మీది అమ్మమ్మకు చెప్పగానే ఆవిడ ఉపాయం చెప్పేస్తుంది. గ్రహాల మధ్య దూరాన్ని బట్టి రేడియో సంకేతం ఒకవైపు చేరడానికే సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది కాబట్టి, బదులు రావాలంటే తక్కువలో తక్కువ ఆరు నిమిషాలు ఆగాలి. ఆ ఆరు నిమిషాల్లో పాప తనంతట తాను ఏం చేసిందన్నదే నా దృష్టిలో అసలు కథ. రచయిత్రి గారు అలా తిరగరాయడానికి సంతోషంగా ఒప్పుకున్నారు.

వేదిక ఏర్పాట్ల బాధ్యుల నుంచి:

కథ బాగుంది గానీ, మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో కన్నడం, ఇంగ్లీషే చదువుతారు. పేజీలు చేతికిస్తే రెండో పేరా దగ్గరే ఆగిపోతారేమోనని నా భయం, అండీ.

కథల ఎంపిక బాధ్యుల నుంచి:

మీరన్నది నిజమేనండి. పెద్దలే చదివి వినిపిద్దాం. గొట్టం చిట్లిన చోట చదవడం ఆపి, నువ్వయితే ఏం చేస్తావని పిల్లలనే అడుగుదాం. ఎవరేం చెప్పినా తప్పనకుండా, అది అక్కడ ఎందుకు కుదురుతుందో, ఎందుకు కుదరదో వాళ్ల చేతనే చెప్పిద్దాం. ఇందుకు స్పష్టంగా, నిదానంగా చదివేవారు ఇద్దరు కావాలి. హాలు గుమ్మం దగ్గర బరువు తూచే యంత్రం పెడితే, ఇక్కడ 30 కిలోలు తూగే పిల్లవాడు చంద్రుడిపై అదే యంత్రం మీద 5 కిలోలే తూగుతాడని చూపించవచ్చు. యంత్రం తేగలిగినవారు, కథ చదవడానికి ముందుకొచ్చేవారు శుక్రవారంలోగా ఇక్కడే తెలియజేయగలరు.